అక్షరం చిన్నదైతే పిల్లలు చిన్నబోవాలా?

ఇంటి దగ్గరే చదువు నేర్చుకునే చిన్నపిల్లల గురించి, అందులోనూ అచ్చు సన్నగా ఉంటే తడబడిపోయే పిల్లల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు మన నగరాల్లో కొన్ని ఉన్నాయి. ఒంట్లో బాగోక ఏడాదో రెండేళ్లో ఇంటిపట్టునే చదివే పిల్లలున్నారు. అమెరికాలో ఇల్లే బడిగా పెరిగే తెలుగు పిల్లలూ ఉన్నారు. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం దానికి ఒప్పుకుంటుంది. ఎక్కడైనా సరే, పక్కన కూర్చుని చదివించేది అమ్మ, నాన్న, లేకపోతే అమ్మమ్మో తాతయ్యో. వాళ్లను కలవరపెట్టే సంగతి ఒకటుంది. మొదటి పుస్తకాన్ని పాప గలగలా చదివేస్తుంది. పేజీకి రెండే వాక్యాలు, లావుపాటి అక్షరాలు, పక్కన బొమ్మ. పెద్దవాళ్లు మురిసిపోయి తర్వాతి మెట్టు పుస్తకం తెచ్చి చేతికిస్తారు. అక్కడితో చదువు కుంటుపడుతుంది. ఒక వరస చదివాక కింది వరస వదిలేసి దాని తర్వాతి వరసలోకి దిగుతుంది. మాట మొదలు చూసి చివర ఊహించేస్తుంది. పుస్తకాన్ని ముక్కు దగ్గరికి లాక్కుంటుంది. రెండు పేరాలు కాకముందే మంచినీళ్లంటూ లేచిపోతుంది. ఇంట్లో అప్పుడు వినిపించే మాటలు రెండే. ఒకటి, దీనికి చదువు మీద ధ్యాస లేదు. రెండు, ఈ పుస్తకం దీని స్థాయికి మించింది. ఈ రెండూ తొందరపాటు తీర్పులు కావచ్చు. ఎందుకంటున్నానో వినండి.

ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన తెరిచి పెట్టండి. రెండో పుస్తకంలో భాష పెరిగింది, నిజమే. మాటలు పొడుగయ్యాయి, వాక్యాలు పొడుగయ్యాయి. దాంతోపాటు అక్షరం తగ్గింది. వరసలు దగ్గరదగ్గరకు జరిగాయి. అంటే పిల్లల మీద ఒకేసారి రెండు బరువులు పడ్డాయి. అప్పుడే నడక నేర్చిన పిల్లని మెట్లెక్కమంటూ, నెత్తిన నీళ్ల బిందె కూడా పెట్టినట్టు. అసలు అక్షరం ఎందుకు తగ్గింది? పై తరగతిలో చెప్పాల్సిన విషయం ఎక్కువ. పేజీలు పెరిగితే కాగితం ఖర్చు పెరుగుతుంది, పుస్తకం బరువెక్కుతుంది. నలభై మందికి ఒకే పుస్తకం కొట్టించాల్సిన బడికి ఇది తప్పని సర్దుబాటు. కానీ ఇంట్లో చదివేది ఒక్కరు, ఇద్దరు. ఆ సర్దుబాటు మీరెందుకు చేసుకోవాలి? నా వాదన ఇంతే. భాషను పెంచండి, అక్షరాన్ని తగ్గించకండి. మళ్లీ చెబుతున్నాను. కథ కష్టమైనది ఇవ్వండి, కొత్త మాటలు ఇవ్వండి, అక్షరం సైజు మాత్రం పిల్లలు హాయిగా చదివిన సైజులోనే ఉంచండి. ఏ బరువు ఎప్పుడు మోపాలో విడదీసి చూసుకునే స్వేచ్ఛ ఇంటి చదువుకు ఉంది. దాన్ని వాడుకోవాలి.

ఇది కేవలం మనసుకు తోచిన మాట కాదు. బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్ అనే శాస్త్రవేత్త, చిన్నపిల్లల వాచకాల్లో అచ్చు ఎలా ఉంటుందో, దాన్ని పిల్లలు ఎలా చదువుతారో చాలాకాలం పరిశీలించారు. 2000లో ఆయన బృందం ప్రచురించిన ఫలితం తేటగా ఉంది. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు, పై తరగతుల పుస్తకాల్లో వాడే చిన్న సైజులోకి అక్షరాన్ని మార్చి ఇస్తే చదివే వేగం పడిపోయింది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు మరీ అంత దెబ్బతినలేదు గానీ, వాళ్లకూ తప్పులు పెరిగాయి. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన గార్డన్ లెగ్ దీనికి మరో కోణం చూపించారు. ప్రతి చదువరికీ ఒక హద్దు సైజు ఉంటుంది. అచ్చు ఆ హద్దుకు పైన ఉన్నంతసేపూ చదువు ఒకే వేగంతో సాగుతుంది. హద్దు కిందికి దిగిందా, వేగం ఒక్కసారిగా జారిపోతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హద్దు కింద కూడా అక్షరం కనిపిస్తూనే ఉంటుంది. ఇదేం అక్షరం అని వేలు పెట్టి అడిగితే పిల్లవాడు ఠక్కున చెప్పేస్తాడు. అందుకే పెద్దవాళ్లు మోసపోతారు. కనిపిస్తోందిగా, చదవడానికేం అనుకుంటారు. కనిపించడం వేరు, హాయిగా చదవగలగడం వేరు. ఒక్క అక్షరాన్ని పోల్చుకోవడానికి సరిపోయే సైజు, పేజీలకు పేజీలు చదవడానికి సరిపోదు.

మన తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ మాట మరింత బలంగా చెప్పుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద బారుగా నిలబడతాయి. మన అక్షరానికి నెత్తిన తలకట్టో గుడో ఏత్వమో ఉంటుంది. కింద ఒత్తు ఉంటుంది. ఒక్కోసారి ఒత్తు పక్కనే మరో ఒత్తు. స్వాతంత్ర్యం అనే మాట తీసుకోండి. త అక్షరానికి ర ఒత్తు, య ఒత్తు, రెండూ వేలాడుతుంటాయి. అచ్చు సన్నగా ఉంటే ఆ రెండూ కలిసి ఒక ముద్దలా కనిపిస్తాయి. పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు, ఆ మాట ముందే తెలుసు కాబట్టి మొదలు చూసి చదివేస్తారు. పిల్లవాడికి ఆ ముద్దే ఆధారం. పద్యం, పద్మం అనే రెండు మాటలకు తేడా ద కింద ఉన్న ఒత్తు ఒక్కటే. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. తేడా అంతా ఒత్తులో ఉన్న ఒక చుక్క. ర లోపల చుక్క పెడితే ఠ. ద కింద చిన్న గీత పెడితే ధ. పాయింట్ల లెక్కలో పద్దెనిమిది పాయింట్ల అచ్చు అంటే పావు అంగుళం ఎత్తు. తెలుగులో ఆ పావు అంగుళంలోనే గుడీ, అక్షరమూ, ఒత్తూ సర్దుకోవాలి. కాబట్టి ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయిన సైజు తెలుగు పుస్తకానికి చాలదు. పిల్లలు ఇంగ్లీషు బాగానే చదువుతున్నారు, తెలుగే రావడం లేదు అని బాధపడే తల్లిదండ్రులు, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్లు, ఒక్కసారి ఆ రెండు పుస్తకాల అచ్చు పోల్చి చూడాలి. అక్కడ కష్టం తెలుగుది కాకపోవచ్చు, ఒత్తు కనబడకపోవడమే కావచ్చు.

మరి మన పిల్లల హద్దు సైజు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? ఇంట్లోనే చూసుకోవచ్చు. పరీక్ష అనే మాట మాత్రం పిల్లల ముందు ఎత్తకండి. పిల్లలు ఇంతకుముందు చదవని కథ ఒకటి తీసుకోండి. అందులో ఇంచుమించు ఒకే కష్టం ఉన్న నాలుగు ముక్కలు ఎంచుకోండి. ఒకే ముక్కను నాలుగుసార్లు చదివించవద్దు, రెండోసారికే కంఠతా వచ్చేస్తుంది. మొదటి ముక్కను ఇరవై నాలుగు పాయింట్లలో టైపు చేయండి. రెండోది పద్దెనిమిదిలో, మూడోది పద్నాలుగులో, నాలుగోది పదకొండులో. పొద్దుటిపూట, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేచోట కూర్చోబెట్టి గట్టిగా చదవమనండి. మధ్యలో దిద్దకండి. మీ దగ్గర మరో ప్రతి ఉంచుకుని, తడబడినచోటల్లా పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి. కాగితం ముఖానికి దగ్గరగా జరిగినప్పుడు కూడా గుర్తు పెట్టండి. మొదటి రెండు ముక్కలూ సాఫీగా సాగి, మూడోదాంట్లో గుర్తులు గుమిగూడాయంటే హద్దు అక్కడెక్కడో ఉందన్నమాట. రోజూ చదివే పుస్తకానికి సరిగ్గా ఆ హద్దు సైజే ఇవ్వకండి. దానికంటే ఒక మెట్టు పైన ఇవ్వండి. నాలుగు సైజుల్లోనూ తడబాటు ఒకేలా ఉంటే అప్పుడు కారణం అచ్చు కాదు. ఇంకోచోట వెతకాలి. ఆ సంగతీ చెబుతాను, ముందు కళ్ల మాట.

ఈ కొలత ఏం తేల్చినా, పిల్లల్ని ఒకసారి కంటి డాక్టరుకు చూపించి తీరాలి. ఇంటి చదువుకు ఉన్న లోటు నిజంగా ఇక్కడే ఉంది. బడిలో నల్లబల్ల ఉంటుంది. వెనక బెంచీ పిల్లవాడు కళ్లు చికిలిస్తే టీచరు గమనిస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు వచ్చేది అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షల పథకం మొదలైనప్పుడు ముందు చూసింది బడిపిల్లల కళ్లనే. ఇంట్లో చదివే పిల్లలు ఇలాంటి జల్లెడలో పడకుండానే పెరిగిపోయే అవకాశం ఉంది. తెలంగాణలో అదే పేరుతో 2018 ఆగస్టు 15న మొదలైన పథకం ఊరూరా శిబిరాలు పెట్టింది, నిజమే. కానీ శిబిరం ఎప్పుడో వస్తుంది. పిల్లల కళ్లు ఎదుగుతూ మారుతుంటాయి. మరో సంగతి. గోడ మీది పట్టికలో అక్షరాలన్నీ చదివేసినంత మాత్రాన కళ్లు బాగున్నట్టు కాదు. దూరం చక్కగా కనబడుతూ, దగ్గరి అచ్చు మీద చూపు నిలపడానికి మాత్రం ఎక్కువ శ్రమపడే కళ్లుంటాయి. దీర్ఘదృష్టి అంటారు. అమెరికాలో నాలుగైదేళ్ల పిల్లల మీద జరిగి 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ లోపం ఒక మోతాదు మించి ఉండీ అద్దాలు లేని పిల్లలు తొలి చదువులో వెనకబడినట్టు తేలింది. చిన్నపిల్లలు కంటిని బిగబట్టి ఈ లోపాన్ని కప్పేసుకుంటారు. అందుకే డాక్టర్లు చుక్కలు వేసి, కంటి బిగువు సడలాక పరీక్ష చేస్తారు. చుక్కలు వేసి చూడాలేమో అని మీరే అడగండి. ఒక కన్ను మూసుకుని చదవడం, తల ఒక పక్కకు వంచడం, చదివాక తలనొప్పి, కళ్లు నులుముకోవడం, ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకండి.

అద్దాలు వచ్చాయి కదా, ఇక పెద్ద అచ్చు ఎందుకు అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అద్దం చూపును సరిచేస్తుంది, చదివే నేర్పును ఇవ్వదు. విల్కిన్స్ బృందం చూసినది ఎక్కడో ప్రత్యేక వైద్యం పొందుతున్న పిల్లలను కాదు, మామూలు బడిపిల్లలను. కళ్లు బాగున్నా, చదువు కొత్తగా నేర్చే వయసులో పెద్ద అక్షరం ఆసరాయే. ఇంకో అభ్యంతరం, ఖర్చు. పెద్ద అచ్చు పుస్తకాలు తెలుగులో ఎక్కడ దొరుకుతాయంటారు. దొరికేవి తక్కువే, ఒప్పుకుంటాను. కానీ తయారు చేసుకోవడం కష్టం కాదు. జిరాక్స్ షాపులో ఎ ఫోర్ పేజీని ఎ త్రీ కాగితం మీదికి పెంచమంటే అక్షరం నూటికి నలభై ఒక్క వంతులు పెరుగుతుంది. పన్నెండు పాయింట్ల అచ్చు పదిహేడు అవుతుంది. మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బోలెడున్నాయి. వాటిని దించుకుని, మనకు కావలసిన సైజులో మళ్లీ అచ్చు వేసుకోవడానికి అనుమతి కూడా ఉంది. టైపు చేసుకునేటప్పుడు వరసల మధ్య ఖాళీ ధారాళంగా వదలండి. పై వరస ఒత్తు కింది వరస గుడికి తగలకూడదు. మాటల మధ్యా అక్షరాల మధ్యా కూడా కాస్త ఎడం ఉంచండి. ఇటలీలో మార్కో జోర్జీ బృందం 2012లో చేసిన ప్రయోగంలో, డిస్లెక్సియా అనే చదివే ఇబ్బంది ఉన్న ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లలు అక్షరాల మధ్య ఎడం పెంచగానే ఎక్కువ వేగంగా, తక్కువ తప్పులతో చదివారు. సైజు ఎంత ముఖ్యమో ఎడమూ అంత ముఖ్యం. పెద్ద అక్షరాన్ని ఇరుకులో పెడితే దాని ప్రయోజనం సగం పోతుంది.

ఇంత తంటా ఎందుకు, ఫోన్లో వేళ్లతో లాగితే అక్షరం పెద్దదవుతుందిగా అంటారు. అవుతుంది. అయితే వరస తెర దాటి బయటకు పోతుంది. పిల్లవాడు వరస సగం చదివి, తెరను పక్కకు జరిపి, మిగతా సగం చదివి, మళ్లీ వెనక్కి జరిపి కింది వరస వెతుక్కోవాలి. వరస తప్పే పిల్లలకు ఇది కొత్త చిక్కు. ట్యాబ్ వాడేటట్టయితే, సైజు పెంచినప్పుడు వరసలు తెర లోపలే సర్దుకునే రకం పుస్తకం వాడండి. బొమ్మలా అతికించిన పేజీ వద్దు. ఇక నలుగురూ అనే మాట ఇంకొకటుంది. అలవాటైతే కళ్లు బద్ధకిస్తాయని, పెద్ద అక్షరం లేకపోతే చదవలేని స్థితి వస్తుందని. కళ్ల గురించి ఇలాంటి భయాలు పాతవే. చూపు తక్కువున్న పిల్లలు కళ్లు వాడితే ఉన్న చూపూ అరిగిపోతుందని లండన్‌లో 1908లో, బోస్టన్‌లో 1913లో చూపు పొదుపు చేసే తరగతులు పెట్టారు. తర్వాత ఆ నమ్మకం తప్పని తేలింది. 1964లో నటాలీ బరాగా అనే అధ్యాపకురాలు, కొద్దిపాటి చూపే ఉన్న పిల్లలు కూడా సాధన చేసేకొద్దీ ఆ చూపును మెరుగ్గా వాడుకోగలరని చూపించారు. చదవడం వల్ల చూపు అరగదు. పెద్ద అచ్చు వల్ల కన్ను మొద్దుబారదు. ఆ మాటకొస్తే పుస్తకాన్ని ముఖం దగ్గరికి లాక్కునే పిల్లలు చేస్తున్నదీ అక్షరాన్ని పెద్దది చేసుకోవడమే. నలభై సెంటీమీటర్ల దూరంలో ఉన్న పేజీని ఇరవై సెంటీమీటర్లకు తెచ్చుకుంటే కంటికి అక్షరం రెట్టింపు అవుతుంది. దూరంగా పెట్టి చదువు అని కసరడం కన్నా, దూరంగా పెట్టినా కనిపించే పేజీ ఇవ్వడం న్యాయం.

నాలుగు సైజుల్లోనూ తడబడే పిల్లల మాట చెబుతానన్నాను. కళ్లు బాగున్నాయని డాక్టరు చెప్పారు, అచ్చు పెద్దదే ఇచ్చారు, అయినా అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరడం లేదు. అప్పుడు డిస్లెక్సియా ఉందేమో చూపించుకోవాలి. అది కంటి జబ్బు కాదు, భాషా ధ్వనులను పట్టుకోవడంలో వచ్చే చిక్కు. అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి 2009లో ఈ సంగతి స్పష్టం చేశాయి. కంటి వ్యాయామాలతో, రంగుటద్దాలతో డిస్లెక్సియా నయమవుతుందనడానికి ఆధారం లేదని కూడా చెప్పాయి. అలాంటి ప్రకటనలకు డబ్బు పోయకండి. ఆ పిల్లలకు కావలసింది ధ్వనిని అక్షరంతో జతచేసి ఓపిగ్గా, వరస క్రమంలో నేర్పే బోధన. పెద్ద అచ్చు వాళ్లకు ఉన్న ఇబ్బందుల్లో ఒకదాన్ని తగ్గిస్తుంది. మిగతా పని బోధనది.

చివరగా, అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. ఎప్పటికైనా సన్న అచ్చు చదవక తప్పదు కదా, రేపు ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో ఇస్తారా అని. దీన్ని తోసిపుచ్చలేం. ఇజ్రాయెల్‌లో హీబ్రూ చదివే పిల్లల మీద 2013లో వచ్చిన అధ్యయనం చూడండి. రెండో తరగతి పిల్లలకు అక్షరం తగ్గిస్తే అర్థం చేసుకోవడం తగ్గింది. అయిదో తరగతి పిల్లలకు అక్షరం కాస్త తగ్గించినప్పుడు బాగా అర్థమైంది. చదువు వచ్చేశాక కొంచెం నెమ్మదిగా, శ్రద్ధగా చదవాల్సి రావడం మేలు చేసిందని ఆ పరిశోధకుల ఊహ. అంటే పెద్ద అచ్చు జీవితాంతం అక్కర్లేదు. తగ్గించే రోజు వస్తుంది. ఆ రోజును పుట్టినరోజు లెక్కతోనో తరగతి లెక్కతోనో కాకుండా చదివే తీరుతో నిర్ణయించాలి. కూడబలుక్కోవడం పోయి, గొంతులో భావం పలుకుతూ, చదివింది సొంత మాటల్లో చెప్పగలిగితే సమయం వచ్చినట్టు. అప్పుడు కూడా కొత్త పుస్తకంతో మొదలుపెట్టకండి. ఇదివరకు పెద్ద అచ్చులో చదివి ఇష్టపడ్డ కథనే రెండు పాయింట్లు తగ్గించి ఇవ్వండి. భాష తెలిసిందే కాబట్టి కొత్త బరువు ఒక్కటే. అది కుదురుకున్నాక మరో రెండు పాయింట్లు. చూపు తక్కువని డాక్టరు నిర్ధారించిన పిల్లల సంగతి వేరు. వాళ్లకు సైజు తగ్గించాలనే పట్టుదల అక్కర్లేదు. వైకల్యం ఉన్నవాళ్ల పరీక్షలకు మన దేశంలో జాతీయ మార్గదర్శకాలున్నాయి, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం అడిగే వీలు వాటిలో ఉంది. ఇంట్లో చదివి ఓపెన్ స్కూలు ద్వారా పరీక్ష రాయించేవాళ్లు ఆ సౌకర్యం గురించి ముందే కనుక్కోండి. డాక్టరు ఇచ్చిన పత్రం దగ్గర పెట్టుకుని, పరీక్ష ముందు రోజు దాకా ఆగకుండా దరఖాస్తు నాడే అడగండి.